చేతిపంపులో పాషాణం

కలరా నుంచి కాపాడటానికి వేసిన బోర్లే బెంగాల్ డెల్టాలో కోట్ల మందికి ఆర్సెనిక్ తాగించాయి. ఎవరికీ తోచని ఒక్క పరీక్షకు రెండు దేశాలు ఇంకా మూల్యం చెల్లిస్తూనే ఉన్నాయి

బంగ్లాదేశ్ పల్లెల్లో చేతిపంపుకు వేసిన రంగు అలంకారం కాదు, తీర్పు. పంపు మూతికి పచ్చ రంగు ఉంటే ఆ నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. ఎరుపు ఉంటే గిన్నెలు తోముకోవడానికీ బట్టలు ఉతుక్కోవడానికీ తప్ప నోట్లో పోసుకోకూడదు. 2000-2003 మధ్య ఆ దేశంలో దాదాపు 50 లక్షల చేతిపంపులను ఒక్కొక్కటిగా పరీక్షించి ఇలా రంగులు వేశారు. వాటిలో 14 లక్షలకు పడింది ఎరుపే. అంటే ప్రతి పది పంపుల్లో దాదాపు మూడు విషాన్ని తోడుతున్నాయన్న మాట.

ఎర్ర పంపు నీళ్లకూ పచ్చ పంపు నీళ్లకూ చూడ్డానికి తేడా ఏమీ ఉండదు. రెండూ తేటగానే ఉంటాయి. వాసన రాదు, రుచి మారదు. కాచినా ప్రయోజనం లేదు. మనవాళ్లు పాషాణమని పిలుస్తూ వచ్చిన ఆర్సెనిక్ అందులో ఉందో లేదో తెలియాలంటే పరీక్ష చేయడమొక్కటే మార్గం. లక్షలాది బోర్లు వేసిన తొలి రెండు దశాబ్దాల్లో అక్కడ ఎవరూ చేయనిది సరిగ్గా ఆ పరీక్షే.

నిజానికి ఈ కథ సదుద్దేశంతోనే మొదలైంది. ఒకప్పుడు బెంగాల్ పల్లెల్లో జనం చెరువు నీళ్లు, దొరువు నీళ్లు తాగేవారు. కలరా, నీళ్ల విరేచనాలు ఏటా పిల్లలను పొట్టన పెట్టుకునేవి. అందుకే 1970 దశకం నుంచి బంగ్లాదేశ్ ప్రజారోగ్య ఇంజనీరింగ్ శాఖ, యునిసెఫ్ కలిసి ఊరూరా బోర్లు వేయించడం మొదలుపెట్టాయి. నేలపొరల్లోంచి వడకట్టుకుని వచ్చే నీటిలో రోగకారక క్రిములు దాదాపు ఉండవు. అక్కడి నేల మెత్తటి ఒండ్రు మట్టి. వెదురు బొంగులతో కట్టిన మంచె మీద ఒకరు కూర్చుని గొట్టం పైకి లేచినప్పుడల్లా అరచేత్తో మూస్తూ తెరుస్తూ ఉంటే, కింద ఇద్దరు ముగ్గురు గొట్టాన్ని ఎత్తి దింపుతుంటారు. యంత్రం అక్కర్లేకుండానే ఒక్క రోజులో బోరు తయారు. ఆ సులువు చూసి జనం సొంత ఖర్చుతో ఇంటింటా వేయించుకున్నారు. చివరికి ప్రభుత్వ బోర్ల కంటే సొంత బోర్లే ఎన్నో రెట్లు ఎక్కువయ్యాయి. 2000 నాటికి జనాభాలో 80 శాతానికి సురక్షితమైన నీరు అందించాలన్న లక్ష్యాన్ని మూడేళ్ల ముందే దాటేశామని 1997లో యునిసెఫ్ సగర్వంగా చెప్పుకుంది.

సురక్షితమంటే అప్పటి లెక్కలో క్రిములు లేవని. అంతవరకూ అది నిజమే. ఆ రోజుల్లో నీటికి చేసే మామూలు పరీక్షల జాబితాలో ఆర్సెనిక్ లేదు. ఒండ్రు నేలల్లో అది ఉంటుందని ఎవరూ ఊహించలేదు. వెతకలేదు కాబట్టి కనిపించలేదు.

వాన చినుకుల మచ్చలు

ముందుగా గుర్తుపట్టింది నీటి ఇంజనీరు కాదు, చర్మవ్యాధుల డాక్టరు. 1983లో కలకత్తాలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో పనిచేస్తున్న డాక్టర్ కె.సి.సాహా దగ్గరికి వింత లక్షణాలతో రోగులు రావడం మొదలైంది. ఛాతీ మీదా వీపు మీదా వాన చినుకులు పడ్డట్టు నల్లటి, తెల్లటి మచ్చలు. అరచేతులు, అరికాళ్లలో గరుకుగా, గట్టిగా కాయలు. ఊళ్లలో దాన్ని కుష్ఠు అనుకునేవారు. సాహా మాత్రం అది ఆర్సెనిక్ పనేనని, వాళ్లు తాగే బోరు నీళ్ల నుంచి వస్తోందని పోల్చుకున్నారు. మొదట వచ్చినవారు పశ్చిమ బెంగాల్ వాళ్లే. 1987 నాటికి సరిహద్దు దాటి బంగ్లాదేశ్ నుంచి వచ్చినవారు కూడా ఆయన రోగుల్లో ఉన్నారు. నేల కింది నీటికి సరిహద్దులు తెలియవని చెప్పడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

అయినా ఆ హెచ్చరిక సరిహద్దు దాటడానికి ఏళ్లు పట్టింది. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త దీపాంకర్ చక్రవర్తి 1988 నుంచి పశ్చిమ బెంగాల్ గ్రామాల్లో తిరిగి నీళ్లు, జుట్టు, గోళ్లు సేకరించి పరీక్షించడం మొదలుపెట్టారు. లేనిపోని భయాలు పుట్టిస్తున్నారన్న విమర్శలు ఆయన మీద వచ్చాయి. 2018లో కన్నుమూసే వరకూ ఆయన ఆ పని మానలేదు. బంగ్లాదేశ్‌లో ప్రభుత్వం తొలిసారి బోరు నీటిలో ఆర్సెనిక్‌ను కనుగొన్నది 1993లో, పశ్చిమ సరిహద్దులోని చపాయ్ నవాబ్‌గంజ్ జిల్లాలో. అంటే సాహా తొలి రోగిని చూసిన పదేళ్లకు.

ఆ పదేళ్ల జాప్యంలో ఒక ఘట్టం న్యాయస్థానం దాకా వెళ్లింది. 1992లో బ్రిటిష్ జియలాజికల్ సర్వే బంగ్లాదేశ్‌లో కొన్ని బావుల నీటిని విశ్లేషించి నివేదిక ఇచ్చింది. ఎన్నో మూలకాలను కొలిచింది. ఆర్సెనిక్‌ను కొలవలేదు. ఆ నివేదిక చూసి తమ నీళ్లు మంచివేననుకుని మోసపోయామని బంగ్లాదేశ్ గ్రామస్తుడొకరు లండన్‌లో దావా వేశారు. కేసు అత్యున్నత న్యాయస్థానంగా అప్పుడున్న హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. బంగ్లాదేశ్ తాగునీటి సరఫరా మీద ఆ సంస్థకు ఎలాంటి అధికారమూ లేనప్పుడు దానికి జవాబుదారీ కూడా ఉండదని 2006 జూలైలో లార్డ్స్ తేల్చేశారు. చట్టం ప్రకారం అది సరైన తీర్పే కావచ్చు. కానీ కొలవాల్సింది కొలవకపోతే ఆ తప్పు ఎవరిదన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోయింది.

1998-2001 మధ్య అదే బ్రిటిష్ సంస్థ, బంగ్లాదేశ్ ప్రజారోగ్య ఇంజనీరింగ్ శాఖతో కలిసి ఆర్సెనిక్ కోసమే దేశవ్యాప్త సర్వే చేసింది. 61 జిల్లాల్లో 3,534 బోర్ల నీళ్లు పరీక్షిస్తే, 150 మీటర్ల కంటే లోతు తక్కువ ఉన్న బోర్లలో 27 శాతం దేశ ప్రమాణమైన లీటరుకు 50 మైక్రోగ్రాములను దాటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో సూచించిన 10 మైక్రోగ్రాములను గీటురాయిగా తీసుకుంటే ఆ వాటా 46 శాతం. మొదటి లెక్కలో మూడున్నర కోట్ల మంది, రెండో లెక్కలో 5.7 కోట్ల మంది ఆ నీళ్లు తాగుతున్నారని అంచనా. చరిత్రలో ఒక జనాభా మొత్తం ఇంత పెద్దఎత్తున విషానికి గురైన ఉదంతం మరొకటి లేదని, ఇది భోపాల్‌నూ చెర్నోబిల్‌నూ మించిపోయిందని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో పరిశోధకులు రాశారు.

పక్కింటి బోరు

ఈ విషాన్ని నీళ్లలో ఏ ఫ్యాక్టరీ కలపలేదు. హిమాలయాల రాళ్లు అరిగి గంగా, బ్రహ్మపుత్రల వెంట కొట్టుకొచ్చిన ఒండ్రులో, ఇనుప ఆక్సైడ్ పూతకు అంటుకుని ఆర్సెనిక్ వేలాది ఏళ్లుగా ఉంది. నేలలో పూడుకుపోయిన ఆకులూ అలములూ కుళ్లి ప్రాణవాయువు తగ్గిన పొరల్లో సూక్ష్మజీవులు ఆ ఇనుమును కరిగిస్తాయి. అంటుకున్న పట్టు వదిలి ఆర్సెనిక్ నీళ్లలోకి దిగుతుంది. లోతు తక్కువ ఉన్న బూడిద రంగు ఇసుక పొరల్లో ఇది ఎక్కువ. బాగా లోతున, వయసు మీరిన ఎర్రటి, గోధుమ రంగు ఇసుక పొరల్లో దాదాపు ఉండదు. అందుకే బంగ్లాదేశ్‌లో బోర్లు వేసే మేస్త్రీలు బయటికొచ్చే ఇసుక రంగు చూసి ఎక్కడ ఆపాలో నిర్ణయించుకునే పద్ధతిని పరిశోధకులు కూడా పరీక్షించి చూశారు. చాలావరకు అది పనికొస్తుందని తేలింది.

అయితే ఈ పొరలు తివాచీ పరిచినట్టు సమంగా ఉండవు. ఒకే ఊళ్లో ఒక ఇంటి బోరులో పరిమితికి పది రెట్లు ఆర్సెనిక్ ఉంటే పక్కింటి బోరులో అసలు ఉండకపోవచ్చు. అంటే జిల్లాకు పది నమూనాలు తీసి సగటు కట్టి చెబితే ఎవరికీ ఉపయోగం లేదు. ప్రతి బోరునూ విడిగా పరీక్షించాల్సిందే. ఢాకాకు తూర్పున ఉన్న అరాయీహజార్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం బృందం 2000 నుంచి చేసింది అదే. 25 చదరపు కిలోమీటర్లలో దాదాపు 6 వేల బోర్లను పరీక్షిస్తే చెడ్డవి సగానికి పైగా తేలాయి. కానీ అదే లెక్క ఇంకో సంగతి కూడా బయటపెట్టింది. చెడ్డ బోరు ఉన్న ఇళ్లలో అత్యధికానికి నడిచి వెళ్లగలిగే దూరంలోనే మంచి బోరు ఉంది. అంటే పరిష్కారంలో సగం ఊళ్లోనే ఉంది. ఏది ఏదో తెలియకపోవడమే అసలు సమస్య.

ఆ పరీక్ష అంత కష్టమైనది కూడా కాదు. చిన్న సీసాలో నీళ్లు పోసి రెండు మూడు పొడులు కలిపితే ఆర్సెనిక్ వాయు రూపంలో పైకి వస్తుంది. సీసా మూతిలో పెట్టిన కాగితం ముక్కను అది పసుపు నుంచి గోధుమ రంగుకు మారుస్తుంది. ఓ 20 నిమిషాలు ఆగి ఆ రంగును పట్టికలోని రంగులతో పోల్చుకుంటే చాలు. హైస్కూలు చదివిన ఊరి కుర్రవాళ్లే శిక్షణ తీసుకుని ఆ లక్షలాది పరీక్షల్లో ఎక్కువ భాగం చేశారు. ఫలితం తెలిసిన తర్వాత ఎర్ర పంపు మానేసి పచ్చ పంపుకు మారిన కుటుంబాలే ఎక్కువ. కోట్లు ఖర్చుపెట్టి పెట్టిన ఫిల్టర్లు, శుద్ధి యంత్రాల వల్ల జరిగిన మేలు దాని ముందు చిన్నదిగానే మిగిలింది. పశ్చిమ బెంగాల్‌లో చేతిపంపులకు బిగించిన ఆర్సెనిక్ తొలగింపు యంత్రాల్లో చాలావాటిని చూసే దిక్కులేక వదిలేశారు. వాడిన ఫిల్టరు మార్చేదెవరు, అందులో చేరిన విషాన్ని పారబోసేదెక్కడ అన్నవి టెండర్లలో లేని ప్రశ్నలు. కుష్టియాలో పుట్టి అమెరికాలో రసాయన శాస్త్రం బోధిస్తున్న అబుల్ హుస్సామ్ ఇనుప రజను, ఇసుక, బొగ్గులతో తయారుచేసిన సోనో ఫిల్టర్ వంటివి మినహాయింపు. దానికి 2007లో అమెరికాలో 10 లక్షల డాలర్ల బహుమతి వచ్చింది.

పరీక్ష ప్రాణాలు కాపాడుతుందన్నది ఊహాగానం కాదు. అరాయీహజార్‌లో దాదాపు 12 వేల మందిని గమనిస్తూ వచ్చిన పరిశోధకులు అక్కడి మరణాల్లో అయిదో వంతుకు పైగా 10 మైక్రోగ్రాములు మించిన నీటికి సంబంధించినవేనని 2010లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. చర్మం మీది మచ్చలు పైకి కనిపించేవి మాత్రమే. చంపేవి గుండె జబ్బులు, ఊపిరితిత్తుల, మూత్రాశయ కేన్సర్లు. అదే చోట దాదాపు 11 వేల మందిని 20 ఏళ్ల పాటు గమనించి 2025 నవంబర్‌లో జామా పత్రికలో వెల్లడించిన ఫలితాలు మాత్రం ఊరట కలిగించేవి. మంచి నీటికి మారి ఒంట్లో ఆర్సెనిక్ తగ్గించుకున్నవారిలో ఈ దీర్ఘవ్యాధుల మరణాలు, మారనివారితో పోలిస్తే సగం దాకా తగ్గాయి. ఏళ్ల తరబడి విషం తాగినా సరే, మానేస్తే మేలు జరుగుతుందన్న మాట.

వెలిసిపోయిన రంగులు

ఇంత తెలిశాక కూడా కథ సుఖాంతం కాలేదు. రంగు రెండు మూడేళ్లలో వెలిసిపోతుంది. 2003 తర్వాత చాలా ఏళ్లు అంత పెద్దఎత్తున పరీక్షలు మళ్లీ జరగలేదు. ఈలోగా లక్షలాది కొత్త బోర్లు పడ్డాయి. వాటికి ఏ రంగూ లేదు. ప్రభుత్వం వేయించిన లోతు బోర్లు అవసరమున్న ఊళ్లకు కాక పలుకుబడి ఉన్నవారి ఇళ్ల ముంగిటికి చేరాయని 2016లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ ఎత్తిచూపింది. దేశ ప్రమాణాన్ని మించిన నీళ్లను అప్పటికీ 2 కోట్ల మంది తాగుతున్నారని లెక్కగట్టింది. 2019 నాటి జాతీయ సర్వేలోనూ ఆ వాటా పది శాతానికి పైనే తేలింది.

ఎర్ర రంగు కొత్త చిక్కులూ తెచ్చింది. పచ్చ పంపున్న ఇంటి గుమ్మంలోకి పొద్దున్నా సాయంత్రం బిందెతో వెళ్లాల్సింది ఆడవాళ్లే. పరదా పాటించే ఇళ్లలో, పాత తగాదాలున్న వాడల్లో అది మాట చెప్పినంత తేలిక కాదు. మచ్చలు తేలిన ఆడపిల్లలకు సంబంధాలు తప్పిపోవడం, భార్యలను పుట్టింటికి పంపేయడం రెండు బెంగాల్‌లలోనూ నమోదైన విషయాలే.

లోతు బోర్లే శాశ్వత పరిష్కారమనుకుంటే అక్కడా ఒక మెలిక ఉంది. 150 మీటర్ల దిగువనున్న మంచి నీళ్లకూ పైనున్న విషపు నీళ్లకూ మధ్య చాలాచోట్ల గట్టి అడ్డుగోడ లేదు. కింద నుంచి ఎక్కువ తోడితే పై నీళ్లు కిందికి దిగుతాయి. అమెరికా శాస్త్రవేత్తలు హాలీ మైకేల్, క్లిఫర్డ్ వాస్ 2008లో కంప్యూటర్ నమూనాలతో వేసిన లెక్క ప్రకారం లోతు నీటిని ఇంటి అవసరాలకే వాడుకుని, సాగు నీటిని పై పొరల నుంచే తోడుకుంటే ఆర్సెనిక్ పీడిత ప్రాంతంలో 90 శాతానికి పైగా ఆ నీరు వెయ్యేళ్లు మంచిగానే ఉంటుంది. లోతు నీటిని సాగుకూ మళ్లిస్తే ఆ భరోసా ఉండదు. వియత్నాంలో హనోయ్ నగరం దాహానికి పక్కనున్న పల్లెలో ఆర్సెనిక్ నీరు యాభై ఏళ్లలో 120 మీటర్లకు పైగా మంచి నీటి వైపు జరిగిందని 2013లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది.

బంగ్లాదేశ్ వరి దిగుబడిలో సగానికి పైగా ఇచ్చే బోరో పంట ఆధారపడింది ఎక్కువగా పై పొరల బోర్ల మీదే. ఆ నీళ్లతో వచ్చిన ఆర్సెనిక్ పొలాల్లో చేరుతుంది, కొంత బియ్యంలోకీ ఎక్కుతుంది. అలాగని సాగును లోతు నీటికి మారిస్తే తాగునీటి నిల్వకే ముప్పు. అంటే ఏ పొర నీళ్లు దేనికన్నది రైతు ఇష్టానికో మోటారు సామర్థ్యానికో వదిలేసే విషయం కాదు. ఢాకా మహానగరం తోడుతున్న తీరు చూస్తే ఆ నిర్ణయం ఇంకా ఎవరూ తీసుకోలేదనే అనిపిస్తుంది.

ఇది కేవలం బెంగాల్ గోడు కూడా కాదు. బీహార్‌లోని భోజ్‌పూర్ జిల్లాలో 2002లో, ఆ తర్వాత ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ఆర్సెనిక్ బయటపడింది. అస్సాం, జార్ఖండ్, నేపాల్ తెరాయి, పాకిస్థాన్ సింధు మైదానం కూడా జాబితాలో చేరాయి. వెతికిన ప్రతిచోటా కనిపించింది.

తెలుగువారికి ఈ కథ పరాయిదేమీ కాదు. మన దగ్గర విషం పేరు ఫ్లోరైడ్. దేశంలో ఎముకలను వంకర తిప్పే ఫ్లోరోసిస్‌ను తొలిసారి 1937లో శాస్త్రీయంగా నమోదు చేసింది అప్పటి మద్రాసు రాష్ట్రంలోని తెలుగు పల్లెల్లోనే. నల్లగొండలో గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడ్ కరిగిన నీళ్లు తాగి తరాలకు తరాలు నడుములు వంగిపోయాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసేసే పద్ధతిని నీరీ శాస్త్రవేత్తలు రూపొందిస్తే దానికి నల్లగొండ పేరే పెట్టారు. ఆ పద్ధతి ప్రపంచానికి తెలిసింది కానీ జిల్లాకు ఉపశమనం ఇచ్చింది మాత్రం కృష్ణా నీళ్లే. ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు తెలంగాణలో ఇక లేవని 2020లో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అయితే ఫ్లోరైడ్ ఇంకా ఆ రాళ్లలోనే ఉంది. నల్లా ఆగిన రోజున జనం వెళ్లేది మళ్లీ బోరు దగ్గరికే.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో అయిదుగురికి, వీలైతే మహిళలకే, నీటి పరీక్ష కిట్లతో శిక్షణ ఇవ్వాలని కేంద్రం నిర్దేశించింది. ఆలోచన మంచిదే. అరాయీహజార్ నేర్పిన పాఠమూ అదే, నీళ్లు తాగేవారి చేతిలోనే పరీక్ష ఉండాలి. కానీ ఊళ్లకు వెళ్లే మామూలు కిట్లు క్లోరిన్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము వంటివి చెబుతాయి. ఆర్సెనిక్ తేలాలంటే వేరే కిట్టో ప్రయోగశాలో కావాలి. 1970లలో జరిగిన పొరపాటు కూడా పరీక్షలు చేయకపోవడం కాదు. చేసిన పరీక్షలు చాలనుకోవడం.

అందుకే గంగ ఒడ్డున ఊళ్లకు, కృష్ణా ఒడ్డున ఊళ్లకు ఒకే జాబితా పనికిరాదు. ఏ నేలలో ఏముందో చూసి ఆ నేలకు తగ్గ పరీక్ష చేయాలి. ఫలితం ఆఫీసు ఫైలులో కాదు, పంపు మీదే కనిపించాలి. ఏడాదికో రెండేళ్లకో మళ్లీ పరీక్షించాలి, మళ్లీ రంగు వేయాలి. 50 లక్షల పంపులకు ఒక్కసారి చేయగలిగిన దేశం ఆ పనిని ఏటా కొంత చొప్పున కొనసాగించలేకపోవడానికి డబ్బు ఒక్కటే కారణమనలేం. కొత్త బోరుకు ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. పాత బోరుకు రెండోసారి రంగు వేస్తే ఫొటో ఎవరూ తీయరు.

ఎండకూ వానకూ పంపు మీది ఎరుపు వెలిసిపోతుంది. అందులోంచి వచ్చే నీళ్లు మాత్రం ఎప్పటిలాగే తేటగా ఉంటాయి.